వాగు దగ్గర ఆగిన చుక్కల గీత

“పాత షీటులో ఆవాసం లేదు.” నాలుగే మాటలు. రాసింది నేనే, నా చేత్తోనే, కింద సంతకం కూడా చేసి. ఎవరో మహానుభావుడు రాశాడని చెప్పుకుని తిట్టుకుందామంటే ఆ సంతకం ఒకటి అడ్డం వస్తుంది.

నా పేరు బానోత్ కోటేష్. 2009లో భద్రాచలంలో కాంట్రాక్టు సర్వేయర్‌గా చేసేవాణ్ణి. అడవిలో చేలు చేసుకుంటున్నవాళ్ళకు హక్కు పత్రాలిచ్చే చట్టం వచ్చిన కొత్త. గుట్టల మీద పోడు చేల చుట్టూ జీపీఎస్ పట్టుకుని నడవడం, ఆ కొలతలు ఫారాల్లో ఎక్కించడం నా ఉద్యోగం. నడక నాకు బాగానే కుదిరింది. ఒక్కచోట కూర్చోవడం నావల్ల కాదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతావేందిరా అని మా అమ్మ చిన్నప్పటినుంచీ తిడుతూనే ఉండేది. కుదరనిదల్లా సాయంత్రం ఫారాలు నింపే పని. రోజుకు అరవై నింపాలి. ఎప్పుడు లేద్దామా అని కుర్చీ అంచున కూర్చుని, చకచకా గీకి పారేసేవాణ్ణి.

ఫారంలో ఒక గడి ఉండేది. పాత సర్వే షీటులో అక్కడ ఊరు ఉందా లేదా అని. షీటంటే గుట్టల ఎత్తుల్ని గోధుమరంగు గీతల్లో, వాగుల్ని నీలంలో, ఇళ్ళను చిన్నచిన్న ఎర్ర గడుల్లో చూపించే పటం. మా ఆఫీసులో ఉన్నది 1970 ఎండాకాలంలో సర్వే చేసినది. అందులో చూడాలి, ఉంటే ఉంది అనీ లేకపోతే లేదనీ రాయాలి. ఇంతకంటే తేలికైన పని ప్రపంచంలో ఇంకోటి ఉండదని అప్పుడు అనుకున్నాను.

మే నెలలో ఒక మంగళవారం పొద్దున కన్నమ్మ ఆఫీసు మెట్ల మీద నాకోసం కాచుకుని ఉంది. ఆమెది ఊటగుంపు, గుట్ట మీద ఇరవై ఒక్క కోయ కుటుంబాల ఊరు. నలభైకి దగ్గరపడిన మనిషి, ఆ ఊరి హక్కుల కమిటీలో సభ్యురాలు. ఫిబ్రవరిలో నేను మూడు రోజులు వాళ్ళ ఊళ్ళో ఉండి చేలన్నీ కొలిచాను. ఆ ఇరవై ఒక్క ఫారాలూ వాపసు వచ్చాయట. కట్ట నా చేతిలో పెట్టి, ఎందుకు వాపసు చేశారో చదివి చెప్పమంది. చదివాను. అన్నిటి మీదా ఒకటే కారణం ఉంది, నా నాలుగు మాటలు.

ఇది ఎవరు రాసిండ్రని అడిగింది. నేనే అన్నాను. అబద్ధం చెబుదామన్నా టైము ఇవ్వలేదు.

“మా ఇంట్ల జావ తాగినవా లేదా సారూ?”

“తాగిన అక్కా.”

“మరి లేని ఊర్ల ఎట్ల తాగినవ్?”

నాలుగు బూతులు తిట్టినా ఇంత సిగ్గు వేసేది కాదు. మూడు రోజులు వాళ్ళ మంచం మీద పడుకున్నాను. ఇద్దరు చేతులు కలిపి పట్టుకున్నా అందని చింతచెట్లను చూశాను. అవన్నీ చూసిన కళ్ళు ఆఫీసుకొచ్చి కాగితాన్ని నమ్మాయి. మాది వైరా రిజర్వాయరు పక్కన తండా. దాని పేరు షీటులో చక్కగా అచ్చయి ఉంటుంది, నేను వెతికి మరీ చూసుకుని మురిసిపోయాను కూడా. పేరు లేకపోతే ఏమవుతుందో ఆలోచించే అవసరం నాకెప్పుడూ రాలేదు.

శుక్రవారం డివిజన్ కమిటీ కూర్చుంటుంది. ఊటగుంపు సంగతి ఆ రోజు తేలిపోవాలి. వాళ్ళ రేషన్ కార్డులూ ఓట్లూ అన్నీ గుట్ట కింది ఊరి పేరు మీదే ఉన్నాయి. అంచేత కాగితాల ప్రకారం వాళ్ళు కింది ఊరివాళ్ళు, నిన్నగాక మొన్న గుట్టెక్కి చెట్లు నరుక్కున్నవాళ్ళు. పాత కాలం నుంచీ అక్కడే ఉన్నారని ఏదో ఒక రుజువు చూపించకపోతే ఇరవై ఒక్క కుటుంబాలూ గుట్ట దిగాల్సిందే.

కన్నమ్మను బస్సెక్కించి నేరుగా రికార్డు గదికి పోయాను. ఆ గదికి అధిపతి బసవపున్నయ్య గారు. పటాల్ని సొంత బిడ్డల్లా చూసుకుంటాడు. రెండుసార్లు చేతులు కడిగించి, తుడుచుకున్నానో లేదో తిప్పి చూసి, అప్పుడు గానీ బీరువా తియ్యలేదు. ఇంగ్లీషువాళ్ళ కాలంనాటి షీటు ఒకటి తీశాడు. ఊటగుంపు గుట్ట మీద గీతలు తప్ప ఏమీ లేవు. ఆ గీతలు కూడా దూరంనుంచి చూసి అందాజుగా గీసినవేనన్నాడు. తర్వాత 1970 షీటు అసలు ప్రతి తీశాడు. నేను రోజూ చూసే జిరాక్సులో కనబడనిది ఒకటి అందులో కనబడింది. సన్నటి ఎర్ర చుక్కల గీత, అంటే కాలిదారి. గోదావరి ఒడ్డున మొదలై, రెండు గుట్టల నడుమ మెలికలు తిరిగి, ఊటగుంపు వాగు దాకా వచ్చి అక్కడ ఠక్కున ఆగిపోయింది. అవతల ఉత్త ఆకుపచ్చ రంగు. అచ్చు తప్పేమోనని అడిగితే ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఈ షీట్లలో అచ్చు తప్పులుండవనీ, వాళ్ళు నడిచిందే గీస్తారనీ, కావాలంటే నా కళ్ళు పరీక్ష చేయించుకోమనీ అన్నాడు. కాపీ మాత్రం రంగుల్లో తీయించి ఇచ్చాడు.

ఆ గీత నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అన్నం తింటున్నా అదే, బస్సులో కూర్చున్నా అదే. దారి అన్నాక ఏదో ఒక ఊరికి పోవాలి. అడవి మధ్యలో ఆగిపోయే దారిని ఎవరు తొక్కారు, ఎందుకు తొక్కారు? బుధవారం పొద్దున్నే బస్సు దిగి, ఏడు కిలోమీటర్లు ఎక్కడా నీడన ఆగకుండా నడిచి, చెమటలు కక్కుతూ ఊటగుంపు చేరాను.

నులక మంచం మీద షీటు పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాం. ఊరంతా మూగింది. కమిటీ కార్యదర్శి ప్రభాకర్, పది దాకా చదివినవాడు, నా మాటల్ని ముసలివాళ్ళకు కోయలో చెప్పసాగాడు. నేను చుక్కల గీత మీద వేలు పెట్టి, ఇది మీ వాగు దగ్గర ఎందుకు ఆగిపోయిందో ఎవరికైనా తెలుసా అని అడిగాను.

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే మంచం చుట్టూ ఉన్న ముసలివాళ్ళందరూ నవ్వడం మొదలుపెట్టారు. అందరి కళ్ళూ దూలయ్య వైపు తిరిగాయి. దూలయ్య కన్నమ్మ తండ్రి. డెబ్బై దాటినా వెదురులా నిటారుగా ఉంటాడు. సిగ్గుపడుతూ, మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు.

“గా గీత నాదే సారూ” అన్నాడు.

ఇక కథ ఒకరి నోట్లోంచి ఒకరు లాక్కుని చెప్పారు. ఈ షీటు గీసిన ఏడు ఎండాకాలం గుడారాలేసుకుని సర్వేవాళ్ళు వచ్చారు. దారి చూపించడానికి దూలయ్యను పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాది అవతలి గుట్ట మీది ఊరికి ఎవరో కాగితాలతో వచ్చి ఇళ్ళన్నీ రాసుకుపోయారట. మళ్ళీ ఎండల్లో వచ్చి, కాగితం చూసుకుంటూ ఒక్క ఇల్లూ వదలకుండా తగలబెట్టారట. అందుకని ఊటగుంపు పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. మన ఊరు కాగితం మీద పడొద్దు. దూలయ్య సర్వేవాళ్ళను పన్నెండు రోజులు చుట్టుపక్కల గుట్టలన్నీ తిప్పాడు. చివరికి వాగు దాకా తెచ్చి, అవతల దారి లేదు, దూడలేసిన అడవిదున్నలున్నాయి, మీదపడి చంపుతాయి అని భయపెట్టి వెనక్కి మళ్ళించాడు. వాళ్ళూ తక్కువవాళ్ళు కాదు, ఎదురు గుట్టెక్కి మూడు రోజులు దుర్బిణీ పెట్టి చూశారు. ఆ మూడు రోజులూ ఊటగుంపులో ఒక్క పొయ్యి వెలిగించలేదు, పొగ కనబడుతుందని. కూయకుండా పుంజుల్ని గంపల కింద వేసి గుహలోకి మోశారు. పిల్లలకు నానబెట్టిన ఇప్పపూలు పెట్టి నోళ్ళు మూయించారు. అప్పటికి నాలుగు నెలల పసిగుడ్డు ఒకతి ఉంటే, గుక్క పెడుతుందేమోనని తల్లి మూడు రోజులూ రొమ్ము నోట్లోంచి తీయలేదు. ఆ పసిగుడ్డు కన్నమ్మ.

ప్రతి ఏడూ కొత్తల పండుగనాడు, కొత్త గింజ వండుకునే ముందు, ఈ కథ చెప్పుకుంటారట. చెప్పుకున్నాక ఇప్పసారా మొదటి దొప్ప దూలయ్య చేతికిస్తారట. ఊరిని దాచి కాపాడినవాడు కదా. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆ దొప్ప ఇంకెవరికీ ఇవ్వలేదని ప్రభాకర్ గొప్పగా చెప్పాడు.

అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. నా మొహం అందరికంటే ముందు చూసింది కన్నమ్మే.

“గందుకేనా సారూ, కాగితంల మా ఊరు లేంది?”

అవునన్నాను. ప్రభాకర్ ఆ మాటను కోయలో చెప్పక ముందే అందరికీ అర్థమైంది. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. దూలయ్య మీసం మీదినుంచి చెయ్యి తీసేశాడు. మంచం పక్కన కూలబడి, షీటు మీదికి వంగాడు.

“వాళ్ళు గీసింది నేను చూపించిందేనా?”

“అవ్ తాతా. నువ్వు చూపించంది గియ్యలే.”

కన్నమ్మ లేచి ఇంట్లోకి పోయింది. ఆ పూట తండ్రికి జావ గిన్నె ఆమె కూతురు తెచ్చి పెట్టింది. నాకు ఆ ముసలాయన మీద కోపం రావాలి, న్యాయానికి. రాలేదు. ఆయన ఊరిని బతికించుకోవడానికి దాచాడు. నేను? ఫారాలు తొందరగా అయిపోతాయని దాచాను. లేచి వాగు దాకా పోయాను. గీత ఆగిన చోట నుంచి ఊళ్ళో మొదటి ఇంటికి అడుగులు లెక్కపెట్టాను. ఆరు వందల పన్నెండు.

శుక్రవారం కమిటీ ముందుకు దూలయ్య, కన్నమ్మ, ప్రభాకర్ వచ్చారు. బస్సులో కన్నమ్మ తండ్రి పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది. కమిటీ పెద్దసారు చెడ్డమనిషి కాదు. ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు ఆయన్ని నేను మనసులో అనరాని మాటలన్నీ అన్నాను. కథంతా ఓపిగ్గా విన్నాడు, షీటు మీద గీతను భూతద్దంతో చూశాడు. గీత ఆగిందంటే నడిచినవాళ్ళు అలిసిపోయి ఆగి ఉండొచ్చు కదా అన్నాడు. కథ చెప్పే పెద్దమనిషి కూడా మూడెకరాలకు అర్జీ పెట్టుకున్నాడు, ఇరవై ఒక్కమందీ ఒకరికొకరు సాక్ష్యం, ఇది ఎలా చెల్లుతుందన్నాడు. అర్జీ లేని పెద్దవాడు, ఆ కాలంలో అక్కడ ఉన్నవాడు, ఒక్కడు వచ్చి చెబితే రాసుకుంటానన్నాడు.

అలాంటివాడు ఊటగుంపులో ఎవడున్నాడు? ఆ చింతచెట్లు తప్ప. నేను లేచి నిలబడి, ఊరిని నా కళ్ళతో చూశాను సార్, నేను రాసింది తప్పు, నా ఉద్యోగం తీసేసినా సరే అన్నాను. నువ్వు చూసింది ఈ ఫిబ్రవరిలో, నేను అడుగుతున్నది వాళ్ళ తాతల సంగతి, కూర్చోవయ్యా అన్నాడు. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. కిటికీ దాకా పోయి వచ్చాను. అటెండరు నన్ను చూసి తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

అప్పుడు దూలయ్య ప్రభాకర్‌ని కోయలో ఏదో అడిగాడు. ప్రభాకర్ అడ్డంగా తలూపాడు. ముసలాయన మళ్ళీ అదే అడిగాడు. కన్నమ్మ చటుక్కున తండ్రి చెయ్యి పట్టుకుంది. రెండు రోజుల తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

“వద్దు నాయ్నా.”

ఆయన చెయ్యి విడిపించుకుని, బల్ల మీది కట్టలో తన ఫారం వెతకడం మొదలుపెట్టాడు. చదువు రాదు. ప్రతి ఫారం మీదా వేలిముద్రను చూస్తూ పోయాడు. తన బొటనవేలికి అడ్డంగా కొడవలి గాటు ఉంది, ముద్రలో అది తెల్లగీతలా పడింది. దాన్నిబట్టి పోల్చుకుని బయటికి లాగాడు. రెండు మడతలు పెట్టి పెద్దసారు ముందుంచాడు.

“అప్పుడు ఊరిని కాగితం మీదికి రానియ్యలే సారూ. ఇప్పుడు నేను రాను. ఊరిని రానియ్యున్రి.”

పెద్దసారు నెమ్మదిగా అడిగాడు, మూడెకరాలు పోతాయి, మళ్ళీ పెట్టుకోవడానికి జాబితా మూసేశాం, రేపు ఎవరైనా వచ్చి చేలోంచి లెమ్మంటే చూపించడానికి నీ దగ్గర కాగితం ఉండదు, అర్థమైందా అని.

“అవ్” అన్నాడు దూలయ్య.

తర్వాత నన్ను పిలిచి, తన వేలిని షీటు మీద గోదారి ఒడ్డున పెట్టమన్నాడు. పెట్టాను. ఆ వేలు ఎర్ర చుక్కల మీద నడిచింది, ఆయన కళ్ళు మూసుకున్నాడు కూడా. ఇక్కడ మొదటి గుడారం, ఇక్కడ బండ, దాన్ని చుట్టి పోవాలి అన్నాడు. గీత అక్కడ చుట్టే తిరిగి ఉంది. వేలు ఎదురు గుట్ట మీదికి పోయింది. ఇక్కడ నడుమెత్తు రాళ్ళు పేర్చినం, ఆ రాళ్ళు మోసింది నేనే, ఇదిగో భుజం మీద కాయ ఇంకా పోలేదన్నాడు. ఆయన వేలు తీస్తే దాని కింద చిన్న నల్ల త్రికోణం ఉంది, పక్కన గుట్ట ఎత్తు అచ్చయి ఉంది. సర్వేవాళ్ళు గుర్తు నిలబెట్టిన చోటు అది. పెద్దసారు కుర్చీలోంచి లేచి బల్ల మీదికి వంగాడు.

వేలు మళ్ళీ వాగు దగ్గరికొచ్చి ఆగింది. “ఈడ దున్నలున్నయని చెప్పిన” అన్నాడు. ఆపైన కొంచెం, షీటు మీద గోరెడు దూరం కూడా లేదు, ఆకుపచ్చలోకి జరిపాడు. “దున్నలు లేవు. మేమున్నం.”

పెద్దసారు ఆయన చెప్పిందంతా రాయించి వేలిముద్ర తీసుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఫారాలూ నా ముందుకు నెట్టి, నీ మాటలు నువ్వే కొట్టెయ్ అన్నాడు. ఒక్కొక్కదాని మీదా నాలుగు మాటలూ కొట్టేసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. జన్మలో మొదటిసారి కదలకుండా ఒకచోట కూర్చుని రాశాను.

వానాకాలం వెళ్ళేసరికి పత్రాలు వచ్చాయి. వాటికి జత చేసే కొత్త పటం గీసేది నేనే. ఊటగుంపు పేరు రాసి, ఇరవై ఒక్క ఎర్ర గడులు పెట్టాను. ఇల్లు ఇల్లే కదా, ఇంటికి అర్జీ లేకపోయినా గీయొచ్చు. గీతను వాగు దాటించి ఊళ్ళోకి తెచ్చాను. చేలు మాత్రం పత్రం ఉన్నవాళ్ళవే గీయాలి. మూడు వైపులా పక్కవాళ్ళ చేలు వచ్చేశాక, మధ్యలో దూలయ్య చేను తెల్లగా మిగిలింది. దాని కొలతలు నా దగ్గర ఉన్నాయి, నేనే చుట్టూ నడిచాను. పెన్సిలు ఎన్నిసార్లు పట్టుకుని లేచానో. ఇకమీద ఉన్నది ఉన్నట్టు గీస్తానని ఆ కమిటీ గదిలో మనసులోనే ఒట్టేసుకున్న నాలుగు నెలలకే మళ్ళీ ఉన్నదాన్ని లేకుండా గీశాను.

కొత్తల పండుగకు కన్నమ్మ కబురు పంపింది. పటం చుట్టుకుని పోయాను. కొత్త గింజ వండే ముందు ఊరంతా కూర్చుంది. ఊరిపెద్ద దొప్ప నింపి చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఈ ఏడు ఆ కథ చెప్పాలో వద్దో, ఆ దొప్ప ఎవరికివ్వాలో ఆయనకు పాలుపోలేదు. కన్నమ్మ లేచి ఆయన చేతిలోంచి దొప్ప తీసుకుని, తండ్రి ముందు కూర్చుంది.

“తాగు నాయ్నా. నేను ఏడ్వలే, నువ్వు జెప్పలే, గప్పుడు గదే మంచిగయింది” అంది.

ముసలాయన సగం తాగి మిగతా సగం ఆమెకే ఇచ్చాడు. కథ చెప్పమని పిల్లలు గోల పెట్టారు. అంతకు ముందు ఈ పటంల మనూరు జూపియ్యి సారూ అని దూలయ్య నన్ను పిలిచాడు.

మంచం మీద పరిచాను. వాగు దగ్గర వేలు పెట్టి, గీత వెంట ఊళ్ళోకి వచ్చాడు. ఎర్ర గడుల్ని ఒక్కొక్కటే తాకి, ఎవరి ఇల్లు ఏదో తనే చెప్పాడు. తర్వాత చేల వైపు వేలు జరిపి, ఎవరెవరి చేలో అడుగుతూ వచ్చి, మధ్యలో ఆగాడు.

“నాది?”

తెల్లగా ఉన్న చోటు చూపించాను. దగ్గరికి వంగి, పక్కకి ఒరిగి, అన్ని వైపులనుంచీ చూశాడు.

“బాగ దాచినవ్ సారూ” అన్నాడు.

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను పటం చుట్టి పక్కన పెట్టాను. ఆ మూడెకరాల కొలతలు నా నోటుపుస్తకంలో ఇంకా ఉన్నాయి, కొట్టెయ్యలేదు.